రెండు రూపాయల వడ్డీ ముందు తీర్చండి, సిప్ సంగతి తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డాక్టర్లవీ, డాక్టర్ల తల్లిదండ్రులవీ. అందుకే ఈ సంచిక మొత్తం వాళ్లకే ఇస్తున్నాను. వరంగల్‌లో నా ఆడిట్ ఆఫీసు ఎంజీఎం ఆసుపత్రికి దగ్గర. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో డాక్టర్లవే ఎక్కువ. డ్యూటీ దిగి నిద్ర కళ్లతో వచ్చే హౌస్ సర్జన్ల నుంచి సొంత నర్సింగ్ హోమ్ ఉన్నవాళ్ల దాకా అందరి లెక్కలూ చూశాను. డాక్టరుకు సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది. అప్పు ఇస్తామనేవాళ్లు, పాలసీ అంటగట్టేవాళ్లు మాత్రం పేరు ముందు 'డాక్టర్' అని పడిన రోజే వస్తారు. వాళ్లు పదేళ్ల తర్వాత రాబోయే ఆదాయాన్ని చూసి మాట్లాడతారు. ఇక్కడ నేను ఈ నెల మీ చేతికి వచ్చేదాన్ని బట్టే మాట్లాడతాను.

ప్రశ్న: మేడం, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో హౌస్ సర్జన్ చేస్తున్నాను. మేనేజ్‌మెంట్ కోటా సీటు, ఏడాదికి 11 లక్షల ఫీజు. అందులో ఏటా 7 లక్షల చొప్పున ఐదేళ్లు బ్యాంకు లోన్ తీసుకున్నాం, వడ్డీ 9.5 శాతం. మిగతాది నాన్న సర్దారు. అందులో 5 లక్షలు మా ఊరి ఆసామి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. ప్రభుత్వ కాలేజీల్లో హౌస్ సర్జన్లకు 29 వేల పైచిలుకు స్టైపెండ్ వస్తుంటే మాకు 15 వేలే ఇస్తున్నారు. నెలకు 5 వేలతో మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా కొంత మదుపు) మొదలుపెట్టమని సీనియర్లు అంటున్నారు. చిన్న వయసులో మొదలుపెడితేనే లాభమట. నిజమేనా?
— హౌస్ సర్జన్, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, మీ సీనియర్లు చెప్పింది అప్పు లేనివాళ్లకు మంచి మాట. మీకు ఇప్పుడు పనికిరాదు. నూటికి రెండు రూపాయలంటే నెలకు రెండు శాతం, ఏడాదికి 24 శాతం. 5 లక్షల మీద నెలకు 10 వేల వడ్డీ. మీ నాన్నగారు ఎక్కడో ఒక చోట నుంచి తెచ్చి అది కడుతున్నారు, లేదా కట్టలేక అసలులో కలుపుతున్నారు. ఏటా 24 శాతం కచ్చితంగా ఇచ్చే ఫండ్ దేశంలో ఒక్కటీ లేదు. ఆ అప్పులో తీర్చే ప్రతి రూపాయి మీద మీకు 24 శాతం మిగులుతుంది, అదీ ఏ రిస్కూ లేకుండా.

ఇంట్లో అమ్మ బంగారం ఉంటే, దాన్ని బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకోండి. వడ్డీ బ్యాంకును బట్టి మారుతుంది కానీ, ఊళ్లో కట్టేదాంట్లో సగం కూడా ఉండదు. నెలకు 10 వేలు పోయే చోట 4 వేల చిల్లరతో సరిపోతుంది. మిగిలిన 5, 6 వేలు అసలుకు కట్టుకోవచ్చు. నగలు తాకట్టు పెట్టడమంటే అమ్మకు బాధగా ఉంటుందని నాకు తెలుసు. నలుగురికీ తెలిస్తే చిన్నతనమనుకుంటారు. కానీ ఆ నగలు బ్యాంకు లాకర్‌లో భద్రంగానే ఉంటాయి. ఊరి అప్పు మాత్రం రోజూ పెరుగుతూనే ఉంటుంది. అమ్మ పక్కన కూర్చుని ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి చూపించండి.

ఆసామికి డబ్బు కట్టే రోజు నాన్నతో పాటు మీరూ వెళ్లండి. కొంతే కడుతుంటే ప్రామిసరీ నోటు వెనక తారీకు వేసి చెల్లు రాయించుకోండి. మొత్తం కట్టేస్తే నోటు వెనక్కి తీసుకోండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవి కూడా. "మనవాడే కదా, తర్వాత తీసుకుందాం" అని వదిలేసిన నోట్లు కోర్టులో తేలడం నేను చాలాసార్లు చూశాను. వీలైనంత వరకూ బ్యాంకు ద్వారానే కట్టండి, రుజువు ఉంటుంది.

ఇక బ్యాంకు లోన్. దీని గురించి భయం వద్దు కానీ లెక్క తెలిసి ఉండాలి. చదువు ఐదున్నరేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది, అప్పటిదాకా ఈఎంఐ ఉండదు. కానీ వడ్డీ మొదటి విడత ఇచ్చిన రోజు నుంచే పడుతుంది. ఏటా 7 లక్షల చొప్పున తీసుకున్న 35 లక్షలకు, ఒక్క రూపాయి వడ్డీ కూడా మధ్యలో కట్టకపోతే, ఆరున్నరేళ్లు నిండేసరికి సాధారణ వడ్డీయే దాదాపు 15 లక్షలు అవుతుంది. అంటే ఈఎంఐ మొదలయ్యేది 50 లక్షల మీద. 15 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు సుమారు 52 వేలు. అదే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టి ఉంటే 35 లక్షల మీద 36,500 చాలు. ఇప్పుడు కట్టకుండా వదిలేసిన ఆ 15 లక్షల మీద తర్వాత మరో 13 లక్షల వడ్డీ కడతారన్నమాట.

మీ స్టైపెండ్‌తో ఇప్పుడు ఇది మొత్తం ఆపలేరు, పూర్తి లోన్ మీద నెల వడ్డీయే 27 వేలు దాటుతుంది. అందుకే ముందు ఊరి అప్పు అన్నాను. ఈ ఉత్తరం చదువుతున్న ఫస్టియర్ పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఆలోచించండి. మొదటి ఏడాది వడ్డీ నెలకు ఐదున్నర వేలే. చదువు సాగుతుండగానే వడ్డీ కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు ఒక శాతం దాకా తగ్గిస్తాయి, అడిగితేనే చెబుతారు.

ఒక్క జాగ్రత్త. ఇంటర్న్‌షిప్ అయ్యాక నీట్ పీజీకి ఇంట్లో కూర్చుని చదవాలనుకుంటే, ఆ ఏడాది చివర ఈఎంఐ మొదలవుతుందని ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. పీజీ సీటు వస్తే అడ్మిషన్ లెటర్ తీసుకుని వెంటనే బ్రాంచికి వెళ్లి, వాయిదా పొడిగించమని రాతపూర్వకంగా అడగండి. రెండు ఈఎంఐలు తప్పాక వెళ్తే, అప్పటికే మీ సిబిల్ స్కోరుతో పాటు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్నగారిది కూడా దెబ్బతింటుంది. ఆయన పంట రుణానికి వెళ్లినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

స్టైపెండ్ విషయం కూడా వదలకండి. సంబంధిత అధికార సంస్థ నిర్ణయించిన స్టైపెండ్ హౌస్ సర్జన్లకు ఇవ్వాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధనల్లోనే ఉంది. ఒక్కరే అడగడానికి భయమేస్తుంది, నిజమే. బ్యాచ్ మొత్తం సంతకాలు పెట్టి అడగండి.

ప్రశ్న: నమస్తే మేడం. విశాఖపట్నంలో జనరల్ మెడిసిన్ పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. స్టైపెండ్ ఖాతా ఉన్న బ్యాంకు నుంచి ఒకాయన వార్డుకే వచ్చి, టాక్స్ కలిసొస్తుందని ఒక పాలసీ చేయించారు. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కడితే, ఇరవయ్యో ఏట 24 లక్షలు వస్తాయట. సంతకం పెట్టాక మనసులో టెన్షన్‌గా ఉంది. పాలసీ కాగితం ఈమెయిల్‌లో వచ్చి 12 రోజులైంది. నాన్న చిన్న కిరాణా కొట్టు నడుపుతారు, చదువు లోన్ 9 లక్షలు ఉంది. ఈ పాలసీ ఉంచుకోవాలా?
— పీజీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: వద్దు తల్లీ. మీకు ఇంకా 18 రోజుల టైముంది, ఈ వారమే పని పూర్తి చేయండి.

పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు, నచ్చలేదని వెనక్కి ఇచ్చేసే హక్కు మీకు ఉంది. దీన్ని ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు. ఇదివరకు చాలా పాలసీలకు 15 రోజులుండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ 30కి పెంచింది. మెడికల్ టెస్టుల ఖర్చు, స్టాంపు డ్యూటీ, ఈ కొన్ని రోజుల రిస్కు ప్రీమియం మినహాయించుకుని మిగతా డబ్బు వాళ్లు తిరిగి ఇవ్వాలి. లక్షలో పోయేది చాలా కొద్దిగా ఉంటుంది.

అయితే బ్యాంకు ఆయనకు ఫోన్ చేసి చెబితే సరిపోదు. పాలసీ ఇచ్చింది బీమా కంపెనీ, బ్యాంకు మధ్యవర్తి మాత్రమే. కాబట్టి బీమా కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు పాలసీ నంబరు, పత్రం అందిన తేదీ రాసి, "ఫ్రీ లుక్ కింద రద్దు కోరుతున్నాను" అని పంపండి. అదే ఉత్తరం ప్రింటు తీసి, క్యాన్సిల్ చేసిన చెక్కు జత చేసి, విశాఖలోనే వాళ్ల బ్రాంచిలో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాగితం ఫొటో తీసి నాన్నగారికి పంపండి, మీ ఫోన్ పోయినా అది ఉంటుంది. ఇక ఆ తర్వాత బ్యాంకు ఆయన నుంచి ఫోన్లు వస్తాయి. మూడు నెలలు ఉంచుకోండంటారు, టార్గెట్ ఉందంటారు, మీ డ్యూటీ రూముకే వస్తారు. ఆయన ఉద్యోగం కష్టం నాకు తెలుసు, అలాగని మీ లక్ష రూపాయలతో ఆయన టార్గెట్ నింపక్కర్లేదు. 30 రోజులు దాటించడానికే ఆ మూడు నెలల మాట.

కంపెనీ కాదంటే 'బీమా భరోసా' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. దానికీ కదలకపోతే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఆంధ్రప్రదేశ్ కూడా ఆయన పరిధిలోదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఎందుకు వద్దంటున్నానో కూడా చెబుతాను. లక్ష చొప్పున పదేళ్లు కట్టి, ఇరవయ్యో ఏట 24 లక్షలు తీసుకుంటే మీకు వచ్చే వడ్డీ ఏడాదికి 5.7 శాతం. వినడానికి 'పది కడితే ఇరవై నాలుగు' గొప్పగా ఉంటుంది కానీ, అదే డబ్బు పోస్టాఫీసు పీపీఎఫ్‌లో ఇప్పటి 7.1 శాతం అలాగే ఉంటుందనుకుంటే దాదాపు 29 లక్షల 50 వేలు అవుతుంది. పైగా మీకు 9 లక్షల లోన్ ఉంది. దాని మీద మీరు కట్టే వడ్డీ ఈ రెండింటి కన్నా ఎక్కువ. అప్పు ఉన్న మనిషికి అప్పు తీర్చడమే పొదుపు.

టాక్స్ మాట కూడా నిజం కాదు. కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్నే లేదు. మీ స్టైపెండ్ ఏడాది మొత్తానికి కలిపినా అందులో సగం చుట్టుపక్కల ఉంటుంది. లేని పన్నును ఏ పాలసీ మిగులుస్తుంది? మీ స్టైపెండ్‌లో టీడీఎస్ (చేతికి ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) కోస్తున్నారేమో చూసుకోండి. కోస్తుంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఇది పీజీలు చాలామంది వదిలేసుకునే డబ్బు.

మీకు కావాల్సింది వేరే పాలసీలు. ఒకటి, స్వచ్ఛమైన టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే ఇంట్లోవాళ్లకు డబ్బు ఇచ్చేది. మీకేమైనా అయితే 9 లక్షల లోన్ కిరాణా కొట్టు మీద పడకూడదు కదా. మీ వయసులో ప్రీమియం తక్కువే ఉంటుంది. రెండు, మీ సొంత పేరుతో ఆరోగ్య బీమా. జనరల్ మెడిసిన్ వార్డులో టీబీ పేషెంట్ల మధ్య రోజంతా తిరిగే మీకు, సూది గుచ్చుకుంటే హెపటైటిస్ భయం ఉన్న మీకు, ఇది అనవసరమని ఎవరైనా అంటే నమ్మకండి. కాలేజీ ఆసుపత్రిలో ఉచితంగా చూస్తారన్నది మీరు అక్కడ ఉన్నన్నాళ్లే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ కూడా లేదు.

ప్రశ్న: ఎండీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో కన్సల్టెంట్‌గా చేరాను. నెలకు 2 లక్షల మినిమమ్ గ్యారంటీ. ఖాతాలో 1.8 లక్షలే పడుతోంది, 20 వేలు టీడీఎస్ అంటున్నారు. పీఎఫ్ లేదు. ఏడాదికి రెండున్నర లక్షల టాక్స్ పోతోందని బాధగా ఉంది. కొండాపూర్‌లో కోటి 20 లక్షల ఫ్లాట్ చూశాం, పెళ్లి కూడా కుదిరింది. లోన్‌కు బ్యాంకు వెంటనే సరే అంది. తీసుకోవచ్చా?
— కన్సల్టెంట్, హైదరాబాద్

జవాబు: ముందు మంచి వార్త. మీరు పోయిందనుకుంటున్న ఆ డబ్బు పోలేదు.

మీది జీతం కాదు, వృత్తి ఫీజు. అందుకే 10 శాతం టీడీఎస్ కోస్తున్నారు. వైద్యం లాంటి వృత్తులవాళ్లకు 44ఏడీఏ అని ఒక సౌకర్యం ఉంది. (2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి. మీ ఆడిటరు ఇంకా పాత నంబరే పలుకుతారు, నేనూ అంతే.) ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే, అందులో సగాన్ని ఆదాయంగా చూపి, మిగతా సగం ఖర్చు కింద పోయిందని లెక్కపుస్తకాలు లేకుండానే చెప్పవచ్చు. నగదుగా వచ్చేది 5 శాతం మించకపోతే ఈ పరిమితి 75 లక్షలు. మీ నిజమైన లాభం సగం కన్నా ఎక్కువని మీకే తెలిస్తే ఆ ఎక్కువే చూపాలి, అది మరవకండి.

సగమే చూపితే మీ 24 లక్షల్లో ఆదాయం 12 లక్షలు. కొత్త పద్ధతిలో 12 లక్షలకు రిబేటు పోగా పన్ను సున్నా. కోసిన 2 లక్షల 40 వేలూ రిటర్న్ వేస్తే తిరిగి రావాలి. రాబడి పెరిగి 30 లక్షలైతే ఆదాయం 15 లక్షలు, పన్ను సెస్సుతో కలిపి లక్షా 9 వేలు. అప్పటికి 3 లక్షలు కోసి ఉంటారు కాబట్టి, అప్పుడూ మీకే రావాలి. ఆసుపత్రి కోసిన టీడీఎస్‌ను మీ పాన్ మీద నిజంగా జమ చేసిందో లేదో మూడు నెలలకోసారి ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో చూసుకోండి. పాన్ నంబరులో ఒక్క అక్షరం తేడా వచ్చి డబ్బు ఎవరి ఖాతాలోనో పడిన కేసులున్నాయి.

చదువు లోన్ వడ్డీకి మినహాయింపు ఉందిగా, పాత పద్ధతిలో ఉందామా అని ఇంకో ముగ్గురు రాశారు. ఎనిమిదేళ్ల పాటు వడ్డీ మొత్తానికి, పరిమితి లేకుండా మినహాయింపు ఉన్న మాట నిజం. అయినా లెక్క వేసి చూడండి. 20 లక్షల జీతం, నాలుగున్నర లక్షల వడ్డీ, లక్షన్నర పొదుపు ఉన్నవాళ్లకు కూడా పాత పద్ధతిలో పన్ను సుమారు 2 లక్షల 26 వేలు, కొత్తదాంట్లో లక్షా 92 వేలు. ఇంటద్దె, హోమ్ లోన్ మినహాయింపులు కూడా గట్టిగా ఉన్నవాళ్లు మాత్రమే రెండూ పోల్చుకోవాలి.

ఇప్పుడు ఫ్లాట్ సంగతి. మీ కాంట్రాక్టు తీసి 'మినిమమ్ గ్యారంటీ' అన్న పేరా చదవండి. ఎన్ని నెలలని ఉంది? చాలా ఆసుపత్రుల్లో ఇది ఆరు నెలలో, ఏడాదో. ఆ తర్వాత మీరు చూసిన ఓపీ, చేసిన అడ్మిషన్లను బట్టి వాటా. కొత్తగా చేరిన ఫిజీషియన్‌కు సొంత పేషెంట్లు ఏర్పడేసరికి అంతకన్నా ఎక్కువ కాలమే పడుతుంది. గ్యారంటీ ఆగిన నెలలో మీ చేతికి లక్షా 20 వేలు వచ్చిందనుకోండి, ఆ ఫ్లాట్ లోన్ ఈఎంఐ అందులో సగానికి పైగా తినేస్తుంది. బ్యాంకు వెంటనే సరే అన్నదంటే అది మీ పట్టా చూసి. కాంట్రాక్టులో ఏడో పేజీ వాళ్లు చదవరు.

కాబట్టి గ్యారంటీ ముగిశాక ఆరు నెలలు గడవనివ్వండి. ఆ ఆరు నెలల సగటు రాబడి మీద, మూడో వంతు మించకుండా ఈఎంఐ వచ్చే ఇల్లు చూడండి. ఈలోపు ఆసుపత్రికి దగ్గర్లో అద్దెకుండండి. రిఫండ్‌గా వచ్చే డబ్బును, ఇంకా కొంత కలిపి, ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. కన్సల్టెంట్‌కు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జబ్బు పడితే జీతంతో సెలవూ లేదు. ఆసుపత్రి ఒక నెల నోటీసుతో వెళ్లమనవచ్చు. పెళ్లి కుదిరిందన్నారు కదా, అమ్మాయికి మీకు చదువు లోన్ ఉంటే అది ఎంతో, ఈ గ్యారంటీ ఎప్పటిదాకో పెళ్లికి ముందే చెప్పండి. ఫ్లాట్ లేదని సంబంధం వద్దనుకునేవాళ్లయితే అది కూడా ఇప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, మాది అనంతపురం జిల్లా. మా అమ్మాయి ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చేసింది. పీజీకి రెండుసార్లు రాసినా మంచి ర్యాంకు రాలేదు. మేనేజ్‌మెంట్ సీటుకు మూడేళ్లకు కోటికి పైగా అవుతుందంటున్నారు. కొంత నగదుగా ఇవ్వాలట. నాకు మూడెకరాలుంది, రోడ్డు పక్క పొలం, అమ్మితే సరిపోతుంది. బంధువులు ఎట్లాగూ కట్నం ఇవ్వాల్సిందే, ఆ డబ్బుతో సీటు కొనమంటున్నారు. ఏం చేయాలి?
— ఒక తండ్రి

జవాబు: అన్నగారూ, మీ ఉత్తరం రెండు రోజులు టేబుల్ మీదే ఉంది. మీ అమ్మాయి గురించి మీరు రాసిన ప్రతి మాటలో ప్రేముంది. అందుకే నిష్కర్షగా చెబుతున్నాను. మూడెకరాలూ అమ్మకండి.

ఆ కోటి రూపాయలు ఏడు శాతానికి డిపాజిట్‌లో ఉన్నా నెలకు 58 వేలు వస్తాయి. ఎండీ అయ్యాక ఎంబీబీఎస్ డాక్టరు కన్నా అమ్మాయి ఎంత ఎక్కువ సంపాదిస్తుందో, అందులో మొదటి 58 వేలు ఆ పొలం తాలూకు అని లెక్కపెట్టుకోండి. ఇది లెక్క. దీనికి మించిన సంగతి ఒకటుంది. అమ్మిన పొలం మీకు మళ్లీ రాదు. రేపు మీకు, మీ ఇంటావిడకు వైద్యం అవసరమైతే ఏం మిగిలి ఉంటుంది? అమ్మాయి చూసుకుంటుందని మీరంటారు. ఆ బరువు తన మీద పడుతుందని తనకు తెలుసా? అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని, బంధువులెవరూ లేకుండా, "నీకు ఈ సీటు కావాలా" అని అడిగారా? ఇలాంటి ఇళ్లలో పిల్లలు నోరు తెరిచి వద్దనలేరు, కావాలనీ అనలేరు.

వేరే దారులున్నాయి. నీట్ పీజీ ర్యాంకుతోనే డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ పట్టా) సీట్లు ఉంటాయి, వాటి ఫీజు మేనేజ్‌మెంట్ సీటుతో పోలిస్తే చాలా తక్కువ. ఎంబీబీఎస్ తర్వాత అదే బోర్డు ఇచ్చే రెండేళ్ల డిప్లొమాలు కూడా ఉన్నాయి. ఫ్యామిలీ మెడిసిన్ లాంటి బ్రాంచీలకు పోటీ తక్కువ, చిన్న పట్నాల్లో ఆ డాక్టర్లకు మంచి పేరు వస్తుంది. ప్రభుత్వ వైద్యురాలిగా పీహెచ్‌సీలో చేరితే, నిర్ణీత సర్వీసు తర్వాత ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి పోటీ పడవచ్చు. ఆ ఉద్యోగంలో జీతం వస్తూ ఉంటుంది, పల్లెల్లో పనిచేసిన అనుభవం చేతికి వస్తుంది. నాకు తెలిసి కొందరు ఆ దారిలోనే వెళ్లి, ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో స్పెషలిస్టులుగా ఉన్నారు.

ఇవన్నీ చూశాక కూడా సీటే అనుకుంటే, ఎకరంన్నరకు మించి అమ్మకండి. మిగతాదానికి అమ్మాయి పేరున లోన్ తీసుకోండి, తీర్చే బాధ్యత తనది. పల్లె పొలమైతే, అంటే మున్సిపాలిటీ నుంచి చట్టం చెప్పిన దూరానికి అవతల ఉంటే, అమ్మిన లాభం మీద పన్ను ఉండదు. రోడ్డు పక్కది అన్నారు కాబట్టి ఆ దూరం ముందే చూపించుకోండి. అమ్మకం డబ్బు మొత్తం బ్యాంకులోకే రావాలి. అడ్వాన్సు కూడా 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు.

కాలేజీకి నగదు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. కాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం అసలు ఫీజు పైన తీసుకునే డబ్బును, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం చేసి నిషేధించారు. రసీదు లేని డబ్బుకు సీటు రాకపోయినా, మధ్యవర్తి మాయమైనా అడిగే దిక్కుండదు. కౌన్సెలింగ్ ద్వారా, ప్రభుత్వం నిర్ణయించిన ఫీజు, యూనివర్సిటీ పేరుతో అలాట్‌మెంట్ కాగితం. ఇంతకు మించి ఎవరు ఏం అడిగినా అక్కడితో ఆపేయండి.

కట్నం మాటకు వస్తే, అది చట్టం ఒప్పుకోని లావాదేవీ. మీ లెక్కలో దానికి అసలు గడే ఉండకూడదు.

ప్రశ్న: నిజామాబాద్‌లో చిన్న క్లినిక్ పెడుతున్నాను. ఇండెమ్నిటీ పాలసీ ఇప్పుడే కావాలా, ప్రాక్టీసు పెరిగాక తీసుకోవచ్చా?
— పిల్లల డాక్టర్, నిజామాబాద్

జవాబు: క్లినిక్ తలుపు తీసే రోజుకే ఉండాలి. వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంటు కేసు వేస్తే డాక్టరుకు అండగా ఉండే బీమా ఇది. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందకు తెచ్చింది. డబ్బిచ్చి వైద్యం చేయించుకున్న ఏ పేషెంటైనా కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లవచ్చు.

ఈ పాలసీల్లో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. కేసు వేసిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి, వైద్యం జరిగిన తేదీ కూడా పాలసీలో రాసిన 'రెట్రోయాక్టివ్ డేట్' తర్వాతదై ఉండాలి. మధ్యలో ఒక్క ఏడాది రెన్యువల్ మర్చిపోతే ఆ తేదీ కొత్తగా మొదలవుతుంది, వెనకటి కేసులకు రక్షణ పోతుంది. కంపెనీ మారేటప్పుడు పాత తేదీనే కొనసాగించమని రాయించుకోండి. మీరు సాయంత్రాలు వేరే నర్సింగ్ హోమ్‌కు వెళ్తే, అక్కడివాళ్ల పాలసీ మీకు వర్తిస్తుందని అనుకోకండి. చాలావరకు అది ఆసుపత్రి కోసమే. కాంపౌండరు, నర్సు చేసిన పొరపాట్లు కూడా కలిసేలా చూడండి.

రికార్డుల సంగతి కూడా ఇందులో భాగమే. ఇన్‌పేషెంట్ రికార్డులు కనీసం మూడేళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. పసిపిల్లల డాక్టరు కాబట్టి మీరు ఓపీ చీటీల కాపీలు కూడా, బరువు, డోసు స్పష్టంగా రాసినవి, అంతకన్నా ఎక్కువ కాలం ఉంచుకోండి. పిల్లలకు ఇచ్చిన మందు మీద వివాదమొస్తే కమిషన్ మొదట అడిగేది ఆ రెండు అంకెలే.